కట్టుబట్ట ధర్మం: కొన్నవారికి పాలెంత?

ఒక చొక్కా ఒంటిమీదికి వచ్చేలోపు పత్తి చేను, జిన్నింగ్ మిల్లు, నూలు మిల్లు, మగ్గం, అద్దకం, కత్తిరింపు, కుట్టు దాటుకుని రావాలి. ఈ దారిలో ఒకచోట కూలివారికి అన్యాయం జరిగినా, ఒక ఏరు విషమైనా, ఆ చొక్కా తొడుక్కున్న మనిషికి అందులో పాలుంటుందా? ఉంటే అది ఎలాంటి పాలు? దాన్ని తీర్చుకునే మార్గమేమిటి? వస్త్ర పరిశ్రమలో న్యాయం కోసం సాగుతున్న ఉద్యమాలన్నీ ఈ మూడు ప్రశ్నలకు ఏదో ఒక జవాబు మీద నిలబడ్డవే. వీటిని వ్యాపార విషయాలుగా చూడడం అలవాటైంది. నిజానికి మతాలూ తత్త్వశాస్త్రమూ ఎంతోకాలంగా తర్కిస్తూ వచ్చిన ప్రశ్నలివి.

చేసినవారు, చేయించినవారు, ఒప్పుకున్నవారు

పతంజలి యోగసూత్రాలు రెండో పాదంలో హింసను మూడు విధాలుగా విడదీశాయి: స్వయంగా చేసినది, ఇతరులచేత చేయించినది, ఇతరులు చేస్తుంటే ఆమోదించినది. జైన సాధువుల మహావ్రతాలు ఈ మూడు విధాలుగానూ హింసను విడిచిపెట్టమంటాయి. మాంసం విషయం చెబుతూ మనుస్మృతి ఐదో అధ్యాయం చంపినవాడితోపాటు అనుమతించినవాణ్ణి, కోసినవాణ్ణి, కొన్నవాణ్ణి, అమ్మినవాణ్ణి, వండినవాణ్ణి, వడ్డించినవాణ్ణి, తిన్నవాణ్ణి కూడా హంతకుల్లోనే లెక్కించింది. చేసినవాడు, చేయించినవాడు, ప్రేరేపించినవాడు, మెచ్చుకున్నవాడు నలుగురూ ఫలం పంచుకుంటారన్న మాట తెలుగునాట పురాణ ప్రవచనాల్లో ఈనాటికీ వినిపిస్తుంది. ఈ ఆలోచన ప్రకారం కొనడమూ ఒక కర్మే. డబ్బు ఇచ్చి సరుకు తెచ్చుకోవడంతో దాని ఫలం తెగిపోదు.

బుద్ధుడు ఇక్కడ ఒక హద్దు గీశాడు. మజ్ఝిమ నికాయంలోని జీవక సుత్తం ప్రకారం, తనకోసం చంపినట్టు చూడక, వినక, అనుమానించక ఉంటే భిక్షువు ఆ మాంసాన్ని స్వీకరించవచ్చు. తెలియనివారి మీద దోషం మోపని నియమమిది. అయితే దీని వెనక దాక్కోవడం కొనుగోలుదారుకు కుదరదు. భిక్షువు పాత్రలో పడినది తీసుకునేవాడే గాని ఇది కావాలని అడిగేవాడు కాడు. దుకాణంలో డబ్బు కట్టినవారు, అదే ధరకు అలాంటిదే మరొకటి తయారు చేయమని చెప్పినట్టే. పైగా చూడలేదు, వినలేదు అన్న మాట నిజం కావాలి. వస్త్ర పరిశ్రమ విషయంలో ఈనాడు ఎవరూ ఆ మాట నిజాయితీగా అనలేరు.

చూసినవి, విన్నవి

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో హైబ్రిడ్ పత్తి విత్తనాల సాగు విస్తరించినప్పుడు 'క్రాసింగ్' అనే పని పుట్టింది. సాయంత్రం పూట మొగ్గను విప్పి, అందులోని పుప్పొడి తిత్తులను చేత్తో తీసేయాలి. మర్నాడు ఉదయం మగ చెట్టు పువ్వు తెచ్చి, దాని పుప్పొడిని ఆ మొగ్గ కీలాగ్రానికి రాయాలి. ప్రతి మొగ్గకూ ఇదే పని, సీజన్ పొడవునా ప్రతిరోజూ ఇదే పని. సన్నని వేళ్ళు, చెట్టు ఎత్తుకు సరిపోయే పొడవు, పెద్దవాళ్ళకంటే తక్కువ కూలి అన్న లెక్కతో ఈ పనికి ఎక్కువగా ఆడపిల్లలను పెట్టారు. తల్లిదండ్రులకు ముందుగా అప్పు ఇచ్చి పిల్లను కుదుర్చుకునేవారు. పురుగుమందు కొట్టిన చేలలోనే ఆ పిల్లలు బడి వయసు గడిపారు. 1990ల నుంచి పరిశోధకులూ ఎం.వి. ఫౌండేషన్ వంటి సంస్థలూ ఈ సంగతిని బయటపెడుతూ వచ్చాయి. పత్తి దారం కాకముందే, విత్తనం దశలోనే, బట్టలోకి అన్యాయం చేరిందన్నమాట.

తమిళనాడులోని తిరుప్పూర్ బనియన్లు, టీషర్టుల ఎగుమతికి పేరుపొందిన ఊరు. అక్కడి అద్దకం యూనిట్ల మురుగు నొయ్యల్ నదిలో కలిసి, దిగువన ఉన్న ఒరత్తుపాళయం జలాశయం సాగుకు పనికిరాకుండా పోయింది. రైతులు ఏళ్ళ తరబడి న్యాయస్థానాల్లో పోరాడాక 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు వందలాది అద్దకం యూనిట్లను మూసివేయమని ఆదేశించింది. మన అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం సెజ్‌లో విదేశీ బ్రాండ్లకు బట్టలు కుట్టే స్త్రీలు 2022 జూన్‌లో ఒకసారి, ఆగస్టులో మరోసారి విషవాయువు పీల్చి పెద్ద సంఖ్యలో ఆసుపత్రి పాలయ్యారు.

ప్రపంచం మొత్తాన్నీ కదిలించినది రానా ప్లాజా. బంగ్లాదేశ్ రాజధాని ఢాకా దగ్గరి సావర్‌లో ఆ ఎనిమిది అంతస్తుల భవనానికి 2013 ఏప్రిల్ 23న పగుళ్ళు కనిపించాయి. కింది అంతస్తుల్లోని బ్యాంకునూ దుకాణాలనూ మూసేశారు. పై అంతస్తుల కుట్టు కార్మికులను మాత్రం మర్నాడు పనిలోకి రమ్మన్నారు. ఏప్రిల్ 24 ఉదయం భవనం కూలి 1,134 మంది చనిపోయారు, రెండు వేలమందికి పైగా గాయపడ్డారు. పగుళ్ళు బ్యాంకు ఉద్యోగులకూ కుట్టు కార్మికులకూ సమానంగానే కనిపించాయి. లోపలికి వెళ్ళనని చెప్పగల బలం కార్మికులకు లేకపోయింది. జీతం పోతుందన్న భయం, సంఘం లేకపోవడం, సరుకు గడువుకు అందించాలన్న ఒత్తిడి వాళ్ళను మెట్లెక్కించాయి. ఆ గడువూ ఆ ధరా పెట్టినది ఎక్కడో దూరాన ఉన్న కొనుగోలు సంస్థలు. ఆ సంస్థలకు ఆ ధైర్యం ఇచ్చినది చౌకకు అలవాటుపడిన ఖాతాదారులు.

నెల జీతం 38 యూరోలతో బతికిన ఆ కార్మికుల స్థితి బానిసత్వమేనని పోప్ ఫ్రాన్సిస్ 2013 మే 1న ప్రసంగంలో ఖండించారు. ఆయన వెనక పాత ఆధారమే ఉంది: కోతకూలీలకు ఎగ్గొట్టిన కూలి దేవునికి మొరపెడుతుందని కొత్త నిబంధనలోని యాకోబు పత్రిక చెబుతుంది. కూలివాడి చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్నది ఇస్లాంలో ప్రవక్త మాటగా ప్రసిద్ధం. మతాల మధ్య ఎన్ని భేదాలున్నా కూలి ఎగ్గొట్టడం పాపమన్న దగ్గర భేదం లేదు.

అభ్యంతరాలు

కొన్నవారికి పాలుందన్న వాదం మీద రెండు బలమైన అభ్యంతరాలున్నాయి. గొలుసు చాలా పొడవైనది, ఒక్కరు కొన్నా మానినా పై చివర ఏమీ కదలదు కాబట్టి ఒక్కరికి బాధ్యత అంటగట్టడం అర్థంలేనిదన్నది మొదటిది. మానితే మేలుకు బదులు కీడు జరగవచ్చన్నది రెండోది.

రెండోదానికి చరిత్రలో సాక్ష్యం ఉంది. బాలకార్మికులు తయారుచేసిన సరుకును అమెరికాలోకి రానివ్వకూడదని సెనేటర్ టామ్ హార్కిన్ 1990ల తొలినాళ్ళలో బిల్లు పెట్టారు. అది చట్టం కాకముందే బంగ్లాదేశ్ కుట్టు ఫ్యాక్టరీల యజమానులు భయపడి పిల్లలను తీసేశారు. వాళ్ళలో చాలామంది బడికి వెళ్ళలేదు. రాళ్ళు కొట్టడం, వీధుల్లో అమ్ముకోవడం వంటి మరింత ప్రమాదకరమైన పనుల్లోకి జారిపోయారని యునిసెఫ్ తర్వాత తేల్చింది. 1995లో ఫ్యాక్టరీ యజమానుల సంఘం, అంతర్జాతీయ కార్మిక సంస్థ, యునిసెఫ్ ఒప్పందం చేసుకుని పిల్లలకు బడి ఏర్పాటు చేశాక గాని ఆ తప్పు కొంత సర్దుకోలేదు. సద్బుద్ధితో చేసినా ఫలాన్ని చూడని పని ధర్మం కాజాలదని ఈ ఉదంతం నేర్పుతుంది.

రవీంద్రనాథ్ ఠాకూర్ 1921లో గాంధీతో చేసిన వాదమూ ఈ కోవలోదే. ఆ ఏడాది జులై 31న బొంబాయిలో విదేశీ వస్త్ర దహనం జరిగింది. బట్ట ఎక్కడ కొనాలన్నది ఆర్థిక విషయమని, దానికి అపవిత్రత అంటగడితే ఆలోచన స్థానంలో మూఢనమ్మకం కూర్చుంటుందని, ఒంటిమీద గుడ్డ లేని జనం ఎదుట బట్టలు తగలబెట్టడం తగదని ఠాకూర్ అభ్యంతరం చెప్పాడు. అక్టోబరు 13 నాటి 'యంగ్ ఇండియా'లో గాంధీ జవాబిస్తూ ఆర్థికానికీ నీతికీ మధ్య తాను గీత గీయలేనన్నాడు. ఈ వాదంలో ఇద్దరూ సగం సగం నెగ్గారు. కొనుగోలులో నీతి ఉందన్నది గాంధీ గెలుపు. ఆ నీతి మైల, మడి భాషలోకి దిగితే దారి తప్పుతుందన్నది ఠాకూర్ గెలుపు.

దోషం వేరు, బాధ్యత వేరు

మొదటి అభ్యంతరానికి స్పష్టమైన జవాబు అమెరికన్ తత్త్వవేత్త ఐరిస్ మేరియన్ యంగ్ రచనల్లో దొరుకుతుంది. కుట్టు ఫ్యాక్టరీల్లో కార్మికుల దోపిడీకి వ్యతిరేకంగా సాగిన ఉద్యమాన్నే ఆమె తన సిద్ధాంతానికి ఉదాహరణగా తీసుకుంది. ఆమె మరణం తర్వాత 2011లో వెలువడిన 'రెస్పాన్సిబిలిటీ ఫర్ జస్టిస్' ఈ ఆలోచనను విస్తరించింది.

న్యాయస్థానం ఒక నేరానికి ఒక దోషిని వెతుకుతుంది. తలుపుకు తాళం వేసిన యజమానిని, పగుళ్ళు చూసీ రమ్మన్న మేనేజరును శిక్షించడానికి ఆ పద్ధతి సరిపోతుంది. ఎందరో తమ తమ మామూలు పనులు చేసుకుంటూ పోగా వాటన్నిటి కలయికతో పుట్టే అన్యాయానికి అది చాలదు. అలాంటిచోట వెతకాల్సింది దోషిని కాదు, అన్యాయాన్ని పుట్టిస్తున్న ఏర్పాటులో పాల్గొంటున్న అందరినీ. వారి బాధ్యత జరిగినదానికి శిక్ష అనుభవించడం కాదు, ఆ ఏర్పాటును మార్చడానికి ఇతరులతో కలిసి పూనుకోవడం. ఎవరు ఎంత పూనుకోవాలన్నదానికి యంగ్ నాలుగు కొలతలు చెప్పింది: మార్చగల అధికారం, ఆ ఏర్పాటువల్ల పొందుతున్న సౌకర్యం, మార్పులో ఉన్న ప్రయోజనం, కలిసికట్టుగా కదలగల శక్తి.

ఈ లెక్కన పెద్ద బ్రాండుకు బాధ్యత ఎక్కువ, నెల జీతంతో పిల్లలకు పండగ బట్టలు కొనే తల్లికి తక్కువ. కాని ఎవరికీ సున్నా కాదు. ఒక్కరు మానితే ఏమవుతుందన్న ప్రశ్న కూడా ఇక్కడ తేలిపోతుంది, ఎందుకంటే ఒక్కరుగా మానడం ఎవరూ కోరడం లేదు. ఇచ్చినదానికి తిరిగి ఇవ్వకుండా అనుభవించేవాడు దొంగేనని భగవద్గీత మూడో అధ్యాయం చెబుతుంది. అక్కడ మాట దేవతల గురించే అయినా, ఒకరికొకరు ఆధారమై నడిచే చక్రం గురించిన ఆ బోధ పత్తి కూలికీ కుట్టు కార్మికురాలికీ వర్తించకుండా పోదు.

మూడు మార్గాలు

చరిత్రలో ఈ బాధ్యతను మూడు రకాలుగా తీర్చుకున్నారు.

మొదటిది విడిచిపెట్టడం. 18వ శతాబ్దపు అమెరికాలో జాన్ వుల్మన్ అనే క్వేకరు దర్జీపని తెలిసినవాడు. ఆయన అద్దకం బట్టలు మానేసి రంగు వేయని బట్టలు తొడిగాడు, బానిసల శ్రమతో వచ్చిన చక్కెర ముట్టలేదు. తర్వాతి తరంలో బానిసల చేయి పడని పత్తిబట్టలు అమ్మే దుకాణాలు వెలిశాయి. వాటి ధర ఎక్కువ, సరుకు తక్కువ, ఖాతాదారులు కొద్దిమంది. బానిసత్వాన్ని అవి పడగొట్టలేకపోయాయి. మనస్సాక్షిని మేల్కొలపడంలో వాటి పాత్ర చిన్నది కాదు, కాని తన ఒంటిమీది బట్ట శుభ్రమైనంత మాత్రాన తోటలోని బానిసకు సంకెల ఊడదు.

రెండోది పాల్గొనడం. గాంధీ రాట్నం ఈ మార్గానికి గుర్తు. బట్ట కట్టేవారు రోజూ కొంతసేపు నూలు వడకాలన్న నియమం, తయారుచేసేవారి శ్రమ ఎంతో కట్టేవారి చేతికి తెలియజేస్తుంది. శ్రీకాకుళం జిల్లా పొందూరులో నేటికీ స్త్రీలు వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని ఏకి, శుభ్రం చేసి, సన్ననూలు వడుకుతారు. మరో విషయం కూడా గాంధీ చేసి చూపాడు. 1931 సెప్టెంబరులో రౌండ్ టేబుల్ సమావేశానికి ఇంగ్లండు వెళ్ళినప్పుడు, బహిష్కరణవల్ల పని పోయిన లాంకషైర్ మిల్లు కార్మికుల దగ్గరికి స్వయంగా వెళ్ళాడు. వాళ్ళ బాధ విన్నాడు, భారతదేశపు పల్లెల ఆకలిని వివరించాడు. బహిష్కరించేవారు దానివల్ల నష్టపోయేవారికి ముఖాముఖి జవాబు చెప్పగలగాలన్న నియమం అక్కడ స్థిరపడింది.

మూడోది కట్టుబాటు సాధించడం. రానా ప్లాజా కూలిన కొద్ది వారాలకే, 2013 మేలో, కార్మిక సంఘాలకూ బ్రాండ్లకూ మధ్య అగ్ని, భవన భద్రత ఒప్పందం కుదిరింది. క్రమంగా 200కు పైగా కంపెనీలు సంతకం చేశాయి, సుమారు 1,600 ఫ్యాక్టరీలు తనిఖీ కిందికి వచ్చాయి. అంతకుముందు కంపెనీలు ఇచ్చిన హామీలకూ దీనికీ తేడా ఒక్కటే: ఇది చట్టబద్ధం. ప్రమాదముందనిపిస్తే పని మానే హక్కును ఇది కార్మికులకు ఇచ్చింది. మాట తప్పిన కంపెనీలను మధ్యవర్తిత్వానికి ఈడ్చే అధికారాన్ని సంఘాలకు ఇచ్చింది. పగుళ్ళు చూసీ మెట్లెక్కాల్సిన స్థితికి నేరుగా జవాబు అది. వినియోగదారులు వీధుల్లోనూ దుకాణాల ముందూ తెచ్చిన ఒత్తిడి లేకపోతే ఆ సంతకాలు అంత త్వరగా పడేవి కావు.

ఉజ్బెకిస్తాన్‌లో ప్రభుత్వం విద్యార్థులనూ ఉపాధ్యాయులనూ వైద్యులనూ బలవంతంగా పత్తి ఏరడానికి పంపేది. అక్కడి హక్కుల కార్యకర్తల పిలుపుతో 300కు పైగా కంపెనీలు ఆ పత్తిని వాడబోమని ప్రకటించాయి. వ్యవస్థగా సాగిన వెట్టి ఆగిపోయిందని తేలాక 2022 మార్చిలో ఆ బహిష్కరణ పిలుపును ఎత్తివేశారు. తమిళనాడులోని దిండిగల్‌లో దళిత స్త్రీలు ముందుండి నడిపిన కార్మిక సంఘం, ఫ్యాక్టరీలో లైంగిక వేధింపులను అరికట్టే ఒప్పందానికి 2022లో యజమానులను, విదేశీ బ్రాండ్లను ఒప్పించింది. బంగ్లాదేశ్‌లో కుట్టు కార్మికుల కనీస వేతనం 2013లో 3,000 టాకాల నుంచి 5,300కు, 2018లో 8,000కు, 2023లో 12,500కు పెరిగింది. ప్రతి పెంపు వెనకా కార్మికుల పోరాటం ఉంది. 2023లో వాళ్ళు అడిగినది 23,000. ఆ ఆందోళనల్లో కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

విజయవంతమైన ఈ ఉదంతాలన్నిటిలో ఒక పోలిక కనిపిస్తుంది. పిలుపు కార్మికులనుంచి లేదా వాళ్ళ పక్షాన నిలిచిన స్థానికులనుంచి వచ్చింది, కొనుగోలుదారులు దానికి బలమిచ్చారు. హార్కిన్ బిల్లు సమయంలో లోపించినది ఇదే. ఆ పిల్లలకు ఏమి కావాలో ముందుగా ఎవరూ అడగలేదు.

బట్ట ఆయువు

న్యాయానికి మరో ముఖం మితం. వినయపిటకంలో ఒక కథ ఉంది. కౌశాంబి రాజు ఉదయనుడి రాణులు ఆనందుడికి 500 ఉత్తరీయాలు దానమిచ్చారు. ఇన్ని బట్టలెందుకని రాజు అడిగితే, చీవరాలు చిరిగిన భిక్షువులకు పంచుతానని ఆనందుడు చెప్పాడు. చిరిగినవాటిని ఏం చేస్తారంటే పడక దుప్పట్లు, అవీ పాతబడితే పరుపు గలేబులు, ఆపైన నేలమీది పరుపుడు గుడ్డలు, కాళ్ళు తుడుచుకునే గుడ్డలు, దుమ్ము దులిపే గుడ్డలు అని వరసగా చెప్పి, చివరికి ముక్కలు చేసి మట్టిలో కలిపి నేల మెత్తుతామన్నాడు. సంతోషించిన రాజు మరో 500 ఇచ్చాడు.

తెలుగు ఇళ్ళలో ఈ వరస నిన్నమొన్నటి దాకా సాగింది. నూలుచీర పాతబడితే బొంత అయ్యేది, మెత్తబడిన పంచె పసిపిల్లకు పొత్తిగుడ్డ అయ్యేది, చివరికి పొయ్యి దగ్గర మసిగుడ్డగా మిగిలేది. నాలుగు ఉతుకులకు సాగిపోయే పాలిస్టర్ కలిసిన బట్టకు ఆ వరస లేదు. అది మట్టిలో కలవదు. ధనిక దేశాలు వదిలేసిన బట్టలు ఘానా రాజధాని అక్రాలోని కాంటమాంటో బజారుకూ చిలీలోని అటకామా ఎడారికీ చేరుతున్నాయి. ఒక నూలు టీషర్టు తయారీకి దాదాపు 2,700 లీటర్ల నీరు పడుతుందని ఒక అంచనా. పత్తి సాగుకోసం 1960ల నుంచి నదులను మళ్ళించినందువల్లే అరల్ సముద్రం చాలావరకు ఎండిపోయింది. ఈ లెక్కలు చూశాక అపరిగ్రహం సన్యాసులకు పరిమితమైన వ్రతంగా తోచదు. బీరువా నిండా బట్టలుండగా మరొకటి కొనకుండా ఉండడం నదులపట్ల అహింసే.

చేనేత ఒక్కటే జవాబా

తెలుగునాట ఈ చర్చ చివరికి చేనేత దగ్గరికే వస్తుంది. 1905లో కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైన ఆగస్టు 7ను 2015 నుంచి జాతీయ చేనేత దినంగా జరుపుతున్నారు. 2019-20 గణన ప్రకారం దేశంలో 35 లక్షల మందికి పైగా చేనేత మీద, అనుబంధ పనుల మీద బతుకుతున్నారు. కరెంటు లేకుండా నడిచే మగ్గం పర్యావరణానికి మేలు చేస్తుందన్నదీ నిజమే.

చేత్తో నేసినంత మాత్రాన న్యాయం జరిగినట్టు కాదు. పోచంపల్లి చీరకు 'ఆసు' పోయడంలో, అంటే నూలును మేకుల చుట్టూ తిప్పడంలో, స్త్రీ చేయి ఒక్క చీరకు 9,000 సార్లు ఆడాలి. భుజాలు పట్టేసిన తల్లి లక్ష్మి బాధ చూడలేక చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం రూపొందించాడు. ఆ పనికి 2017లో పద్మశ్రీ వచ్చింది. పట్టు విషయంలోనూ ఇలాంటి ప్రయత్నం జరిగింది. పురుగును గూడులోనే చంపకుండా, శలభం బయటికి వచ్చాక నూలు తీసే 'అహింసా పట్టు'ను హైదరాబాద్‌లో కుసుమ రాజయ్య అభివృద్ధి చేశాడు. ఈ రెండూ సంప్రదాయం లోపలినుంచే దాని బాధను ప్రశ్నించిన పనులు. మాస్టర్ వీవర్ దగ్గర అప్పుపడి, మజూరీ పెరగక, మగ్గం గుంటలోనే వయసు గడిపిన నేతగాడి చీరను గొప్ప వారసత్వమని పొగిడి, ధర దగ్గర మాత్రం గీచి గీచి బేరమాడడం ధర్మం కాదు. సహకార సంఘంలో మజూరీ ఎంత, నేతగాడికి ఎప్పుడు అందుతుంది అన్నవి కూడా కొనేవారు అడగదగిన ప్రశ్నలే.

ఎవరి శక్తి కొద్దీ వారు

బాధ్యత ఆచరణలోకి వచ్చే మెట్లు ఇప్పటికే పరీక్షకు నిలిచినవే. అవసరమైనంతే కొనడం, కొన్నదాన్ని చిరిగేదాకా కట్టడం అందరికీ అందుబాటులో ఉన్న మొదటి మెట్టు. ఎవరు కుట్టారు, ఎంత కూలి ఇచ్చారు అని దుకాణాన్నీ బ్రాండునూ అడగడం రెండోది. రానా ప్లాజా తర్వాత ఏటా ఏప్రిల్ 24 ప్రాంతంలో 'ఫ్యాషన్ రివల్యూషన్' ఉద్యమకారులు అనేక దేశాల్లో అడుగుతున్నది ఇదే ప్రశ్న. యూనిఫారాలు, దుప్పట్లు, చీరలు టోకున కొనే బడులు, ఆలయాలు, ఆసుపత్రులు, ప్రభుత్వ శాఖలు ఒప్పంద పత్రాల్లోనే న్యాయమైన కూలిని షరతుగా రాయడం మూడోది. యంగ్ చెప్పిన కలిసికట్టు శక్తి వీటికే ఎక్కువ. కార్మికులు సంఘం పెట్టుకునే హక్కుకోసం, సరఫరా గొలుసు పొడవునా కంపెనీలను జవాబుదారీ చేసే చట్టాలకోసం నిలబడడం నాలుగోది. ఫ్రాన్స్ 2017లో అలాంటి చట్టం చేసింది.

ఈ మెట్లలో ఏ ఒక్కటీ మనిషిని పాపరహితుణ్ణి చేయదు. అలా చేయడం వీటి ఉద్దేశమూ కాదు. మచ్చలేని బట్ట కట్టుకున్నామన్న తృప్తి కోసం చేసే పని మడి కట్టుకోవడంతో సమానం. కుట్టిన చేతులకు కూలి పెరిగిందా, పగుళ్ళున్న భవనంలోకి వెళ్ళనని చెప్పే హక్కు వాళ్ళకు దక్కిందా, ఏటి నీరు మళ్ళీ చేలకు పనికివస్తోందా అన్నవే కొలతలు. చూసి, విని, తెలిసి కూడా ఊరుకోవడమే అనుమోదించడం. కట్టుబట్ట చౌకగా దొరికిన ప్రతి ఒక్కరూ, తమ శక్తి మేరకు, దాన్ని తయారుచేసినవారి పక్కన నిలబడడమే ఈ విషయంలో ధర్మం.